మాటల్లేని ఆఖరి రీలు

తెర మీద పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంది. తండ్రి మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నలుపు తెలుపుల పాత జపాను సినిమా. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు తెర కింద ఉన్న సన్నటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు వెలిగాయి.

“ఇంతకీ అబ్బాయి ఏం చేస్తుంటాడు?”

హాలంతా గొల్లుమంది.

“పెళ్ళయిపోయాకనా అడిగేది!” అని ముందు బెంచీల్లోంచి ఎవరో కేకేశారు. ఇంకెవరో ఈల వేశారు. అప్పటిదాకా కళ్ళొత్తుకుంటున్న ఒక పెద్దావిడ అదే రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పైన ప్రొజెక్టరు గదిలో ఆపరేటరుకి మాత్రం నవ్వు రాలేదు. చిన్న కిటికీలోంచి తెర వైపు చూశాడు, చేతిలో ఉన్న రీలు డబ్బా మూత వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూశాడు. పదకొండేళ్ళ సర్వీసులో తన చేతిలో ఒక్క రీలూ తారుమారు కాలేదని టీ కొట్టు దగ్గర కనీసం వందసార్లు చెప్పుకున్న మనిషి అతను.

జరిగిందేమిటంటే, ఆ డబ్బాల మీద అంకెలు జపాను లిపిలో ఉన్నాయి. ఒకటికి ఒక గీత, రెండుకి రెండు గీతలు, మూడుకి మూడు గీతలు. ఇంత సులువైన లిపికి వేరే చదువెందుకు అనుకున్నాడు ఆపరేటరు. నాలుగు దగ్గరకొచ్చేసరికి గీతలు ఆగిపోయాయి. ఒక డబ్బా మీద కిటికీలాంటి బొమ్మ, ఇంకో డబ్బా మీద బల్లలాంటి బొమ్మ. ఎవరినైనా అడగొచ్చు. కానీ అడిగితే తనకి తెలియదని తెలిసిపోతుంది. బల్లకి నాలుగు కాళ్ళుంటాయి కాబట్టి బల్లే నాలుగని తీర్మానించేసి, ఐదో రీలు ఎక్కించాడు. అలా పెళ్ళిచూపుల కంటే ముందు పెళ్ళి జరిగిపోయింది.

తలుపు దభీమని తెరుచుకుంది. చంకలో లాప్‌టాప్, చేతిలో ఊడిపోయిన వైరు, మొహం నిండా కోపంతో ఒక అమ్మాయి లోపలికి వచ్చింది.

“ఏ రీలు వేశారండీ మీరు?”

“ముందు మీరెవరు? ఇది ఆపరేటరు గది. బయటివాళ్ళు రాకూడదు.”

“కింద పడుతున్న మాటలన్నీ రాసింది నేను. బాల్కనీలో కూర్చుని, వాళ్ళు నోరు తెరిచినప్పుడల్లా మీట నొక్కుతున్నది నేను. ఐదో రీల్లో వాక్యాలు వెతుక్కోవడానికి రెండువందల లైన్లు కిందికి లాక్కున్నాను. ఈలోగా పెళ్ళి సగం అయిపోయింది! మూడు నెలలు కష్టపడి రాస్తే జనం నవ్వుతున్నారు.”

“నవ్వితే మంచిదే కదండీ,” అన్నాడు ఆపరేటరు. “ఆరోగ్యానికి.”

ఆ అమ్మాయి అతని వైపు చూసిన చూపుకి, పక్కనే వెలుగుతున్న ప్రొజెక్టరు దీపం చల్లగా అనిపించింది అతనికి.

ఈ హాల్లో ఈమధ్యే చేరిన ఆపరేటరుకి ఆ అమ్మాయి ఎవరో షో అయ్యాక తెలిసింది. హాలు యజమానురాలి ఒక్కగానొక్క కూతురట. ఎక్కడెక్కడో ఉండి జపాను భాష చదువుకుని నెలక్రితమే ఇంటికొచ్చిందట. ఈ ఆరు ఆదివారాల మ్యాట్నీలు, ఆరు పాత జపాను సినిమాలు, అన్నీ ఆ అమ్మాయి ఆలోచనేనట. అప్పటికే హాల్లో పనిచేసేవాళ్ళంతా ఆమెకి ‘దుబాసీ’ అని పేరు పెట్టేశారు.

యజమానురాలిని అందరూ హాలమ్మ అంటారు. ఆవిడ తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు తీసుకోదు.

“వచ్చే ఆదివారం నుంచి ఇద్దరూ ఒకే గదిలో కూర్చోండి. నువ్వు డబ్బాల మీద అంకెలు రాసివ్వు తల్లీ. ఏవయ్యా, నువ్వు అమ్మాయి చెప్పిన రీలు ఎక్కించు. మళ్ళీ తప్పు జరిగితే ఇద్దరికీ కలిపి ఒకేసారి చీవాట్లు పెడతాను. నాకు టైము కలిసొస్తుంది.”

*

రెండో ఆదివారం ఇద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. మూడో రీలు నడుస్తుండగా ఆమె తనలో తను నవ్వుకోవడం అతను చూశాడు.

“ఏమైంది?”

“బల్లకి నాలుగు కాళ్ళు. మా నాన్న చెప్పారు.”

మీ నాన్నకి ఎవరు చెప్పారని అతను అడగలేదు. టీ కొట్టులో చెప్పిన మాట టిక్కెట్ల కౌంటరు దాకా రావడానికి ఎంతసేపు!

ఆమె నాన్న ఆ కౌంటర్లోనే కూర్చుంటారు. అందరికీ ఆయన కౌంటరు బాబాయి. ఆయన ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఆయన మామగారు కూడా ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుడే. హాలు తల్లి నుంచి కూతురికి వస్తుంది, కూతురి మొగుడు వచ్చి పైన మేడ మీద కాపురముంటాడు, ఇదీ ఆ ఇంటి పద్ధతి. బాబాయి మాట్లాడేది తక్కువ. టిక్కెట్టు చించి ఇస్తూ, “జాగ్రత్త, మెట్టు ఉంది” అనేది మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతారు.

మూడో ఆదివారం వర్షం. రేకు కప్పు మీద చినుకుల మోతకి ప్రొజెక్టరు చప్పుడు కూడా వినపడటం లేదు. దుబాసీ తన కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుంది. ఉన్నదే ఒక్క కిటికీ కాబట్టి అతనూ అక్కడే నిలబడాలి. తప్పదు మరి!

“ఒక మాట అడుగుతాను, కోప్పడకూడదు,” అన్నాడు అతను. “ఈ సినిమాల్లో ప్రేమిస్తున్నామని చెప్పడానికి వీళ్ళు రెండు గంటలు తీసుకుంటారేంటండీ?”

“రెండు గంటలు తీసుకుని కూడా చెప్పరు. అదే అందం.”

“చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?”

“చూసేవాళ్ళకి తెలుస్తుంది,” అంది ఆమె, మీట నొక్కుతూ. “చూడనివాళ్ళకి నేను కింద రాసిపెట్టినా తెలియదు.”

ఆపరేటరు ఆ తర్వాతి రీలుని ఫిల్ము తిరగేసి ఎక్కించబోయి, ఆఖరి నిమిషంలో నాలిక కరుచుకుని సరిచేశాడు.

అప్పటినుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలైంది. ప్రింటు చూసుకోవాలని ఆమె శుక్రవారమే వచ్చేది. రీళ్ళు దుమ్ము పట్టాయని అతను గురువారమే తుడిచేవాడు. రీలు అయిపోయే ముందు తెర మూలన పడే చుక్కల్ని ఎలా కనిపెట్టాలో అతను నేర్పాడు. మొదటి చుక్కకి రెండో మెషిను స్టార్టు చెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. జపాను అంకెలు ఐదు నుంచి పది దాకా ఆమె నేర్పింది. ‘మీరు’ అన్న మాట ఏ వారంలో ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

*

ఆరో సినిమా డబ్బాలతో పాటు ఒక ఉత్తరం వచ్చింది. పాత సినిమాల భాండాగారం వాళ్ళు రాశారు. ఆఖరి రీల్లో శబ్దం చెరిగిపోయిందనీ, సంభాషణల ప్రతిలో ఆఖరి పేజీలు కూడా దొరకలేదనీ, క్షమించాలనీ దాని సారాంశం.

ఇద్దరూ గదిలో కూర్చుని ఆ సినిమా వేసుకుని చూశారు. కాగితపు గొడుగులు చేసే ఇల్లు. కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడంటే ఆ అమ్మాయికి ఇష్టం. అతనికీ ఇష్టమే. అయితే అల్లుడయ్యేవాడు తన ఇంటిపేరు వదులుకుని, వాళ్ళ ఇంటిపేరు పెట్టుకుని, ఆ ఇంట్లోనే ఉండాలి. వాళ్ళ పద్ధతి అది. కుర్రాడికి ఆత్మాభిమానం. ఎవరితోనూ ఏమీ అనకుండా మూట సర్దుకుంటాడు.

ఆఖరి రీల్లో వర్షం పడుతుంటుంది. కుర్రాడు గేటు దగ్గరికొస్తాడు. అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఒక మాట అంటుంది. ఒక్కటే మాట. కెమెరాకి ఆమె వీపు. కనిపించేది కుర్రాడి మొహం. అతను చాలాసేపు ఆమె వైపు చూసి, మూట కింద పెట్టి, గొడుగు విప్పుతాడు. ఇద్దరూ ఆ గొడుగు కింద చేరి పక్కకి నడిచి వెళ్ళిపోతారు. ఇంట్లోకా, వీధిలోకా? కనపడదు. తెర మీద మిగిలేది గేటు మాత్రమే.

“ఏమంది?” అన్నాడు ఆపరేటరు.

“నాకెలా తెలుస్తుంది? పెదాలు కనపడందే.”

“నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి.”

“తెలియనిది రాయను. అది దొంగతనం.”

ఆ వారమంతా అదే పోట్లాట. అతను ఉండిపోయాడని ఆమె. ఉండలేదు, ఇద్దరూ వెళ్ళిపోయారని అతను.

“ప్రేమించినప్పుడు ఉంటే తప్పేంటి?” అంది ఆమె.

“ఉంటే ఊరంతా ఏమంటుంది? ఇల్లు చూసి పిల్లని ప్రేమించాడంటుంది. చచ్చేదాకా ఆ మాట పోదు.”

గట్టిగా అనేశాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. ఇది గొడుగుల కుర్రాడి గురించి కాదని ఇద్దరికీ అర్థమైంది, కానీ ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

అనకపోవడానికి అతని కారణం అతనికుంది. అతని తండ్రి కూడా ఇల్లరికపు అల్లుడే. ఎనిమిదేళ్ళు మామగారింట్లో ఉన్నాడు. బావమరుదులు భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఆయన్ని ఒక మాట అనేవాళ్ళు. ఒకరోజు అతని తల్లి కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని పుట్టింట్లోంచి బయటికొచ్చేసింది. ఆ మిషను మీదే ఇల్లు నడిపింది. భర్త పోయాక కొడుకు చేత మాట తీసుకుంది, జన్మలో ఇల్లరికం వెళ్ళనని.

హాలమ్మ పద్ధతి మారదు. అమ్మకి ఇచ్చిన మాట తప్పకూడదు. మధ్యలో తను, ఏ గుమ్మం వైపూ కదలలేక.

ఇది చాలదన్నట్టు, ఆ శుక్రవారం హాలమ్మ ఒక ఫోటో పట్టుకుని ప్రొజెక్టరు గదికే వచ్చింది.

“చూడు తల్లీ. అబ్బాయి అన్నిటికీ ఒప్పుకున్నాడు. మేడ మీద ఉంటాడు, హాలు చూసుకుంటాడు. నువ్వూ ఒప్పుకుంటే అయిపోతుంది.” తర్వాత ఆపరేటరు వైపు తిరిగి, “ఏవయ్యా, నువ్వు చెప్పు. ఎలా ఉన్నాడు?”

ఆపరేటరు ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. అందగాడే. ఆ సంగతి మరీ ఒళ్ళు మండించింది.

“బావున్నాడండీ,” అన్నాడు.

దుబాసీ అతని చేతిలోంచి ఫోటో లాక్కుంది. “బావున్నాడటమ్మా! ఆపరేటరుగారే చెప్పాక ఇంకేముంది?” అని దాన్ని తల్లి చేతిలో కుక్కి, విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ‘నువ్వు’ మళ్ళీ ‘గారు’ అయిపోయిందని అతను గమనించాడు.

ఆ సాయంత్రమే భాండాగారం వాళ్ళకి ఉత్తరం రాశాడు. వాళ్ళ దగ్గర పాత ప్రింట్లు చూసుకునే మనిషి కావాలని నెలక్రితమే అడిగారు, వేరే ఊళ్ళో. వస్తానని రాసి, కవరు అంటించి, జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం షో అవ్వగానే పోస్టు చెయ్యాలనుకున్నాడు. ఆమె ఇంకొకడితో మేడ మెట్లెక్కుతుంటే కిటికీలోంచి చూస్తూ రీళ్ళు మార్చడం తన వల్ల కాదు.

*

ఆరో ఆదివారం ఉదయం నుంచీ వర్షం. అయినా హాలు నిండిపోయింది. మొదటివారం తారుమారు సంగతి ఊరంతా పాకి, ఈసారి ఏం తప్పు చేస్తారో చూద్దామని వచ్చినవాళ్ళే సగంమంది.

అతని తల్లి కూడా వచ్చింది. కొడుకు ఆఖరి షో కదా అని కుట్టు కొట్టు మూసేసి, మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చింది. ఖాళీ ఉన్నది బాల్కనీ మొదటి వరసలో ఒక్క సీటే. పక్క సీట్లో ఎవరో పెద్దావిడ ఉంది. ఆవిడ హాలమ్మ అని ఈవిడకి తెలియదు. ఈవిడ ఎవరో హాలమ్మకీ తెలియదు. పైనుంచి కిటికీలోంచి ఇద్దరినీ చూసిన ఆపరేటరు చటుక్కున వెనక్కి జరిగాడు.

“కింద కూర్చున్న మీ అమ్మ పక్కన మా అమ్మ,” అన్నాడు.

“ఓహో,” అంది దుబాసీ. లాప్‌టాప్ తెరిచి మీట మీద వేలు పెట్టుకుంది.

ఐదు రీళ్ళూ అలాగే నడిచాయి. అతను రీలు మారుస్తాడు, ఆమె మీట నొక్కుతుంది. ఆరో రీలు ఎక్కగానే పట్టీ మీద ఆమె రాసిన ఒకే ఒక్క వాక్యం వెలిగింది.

“ఈ రీలుకి మాటలు దొరకలేదు. మీరే చూడండి.”

ఇక నొక్కడానికి ఆమెకి ఏమీ లేదు. మార్చడానికి అతనికి ఇంకో రీలు లేదు. ఆరు వారాల్లో మొదటిసారి ఇద్దరి చేతులూ ఖాళీ.

“రేపటినుంచి రాను,” అన్నాడు అతను. “వేరే ఊళ్ళో ఉద్యోగం.”

“నాన్న చెప్పారు.”

“మీ నాన్నకి అన్నీ తెలుస్తాయే!”

“ఆయన్ని ఎవరూ పట్టించుకోరు కదా. అందుకని అన్నీ వింటారు.” ఆమె కిటికీ వైపే చూస్తోంది. “ఫోటో బావుందన్నావు.”

“అడిగారు, చెప్పాను.”

“నేను అడిగితే?”

అతను జేబులో కవరుని తడుముకున్నాడు.

“ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మా అమ్మ దగ్గరికెళ్ళి అడిగితే ఏం పోయేది నీకు?” ఆమె అతని వైపు తిరిగింది.

“ఇల్లరికం వెళ్ళనని మా అమ్మకి మాటిచ్చాను. నిన్ను మా ఇంటికి పంపమని అడిగితే మీ అమ్మ పద్ధతి పోతుంది. ఊరుకుంటే నువ్వు పోతావు. ఏ వైపు నుంచి ఆలోచించినా పోయేదే కనిపించింది. నిద్రలో కూడా నీ గురించే ఆలోచిస్తున్నాను, తెలుసా? గొడుగుల కుర్రాడు వెళ్ళిపోయాడని నేను వాదించింది సినిమా గురించి కాదు.”

“అది తెలుసులే,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. “నేను వాదించిందీ సినిమా గురించి కాదు.”

తెర మీద వర్షంలో కుర్రాడు గేటు దగ్గరికొచ్చాడు. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఆమె ఆ ఒక్క మాటా అంది. కుర్రాడు మూట కింద పెట్టాడు, గొడుగు విప్పాడు, ఇద్దరూ పక్కకి నడిచారు, గేటు మిగిలింది.

దీపాలు వెలిగాయి. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. వెనకాలే వాదనలు కూడా.

*

బయట కుండపోతగా కురుస్తోంది. జనమంతా హాలు ముందు వరండాలోనే ఇరుక్కుపోయారు. ఇద్దరూ మెట్లు దిగొచ్చేసరికి అందరి గొంతుల కంటే పైన రెండు గొంతులు వినిపిస్తున్నాయి.

“ఉండిపోయాడండీ!” అంటోంది హాలమ్మ. “మూట కింద పెట్టాడు కదా, చూళ్ళేదూ?”

“గొడుగు విప్పాలంటే రెండు చేతులు కావాలి, అందుకని పెట్టాడు,” అంటోంది అతని తల్లి. “ఆ పిల్లే అతని వెంట వెళ్ళిపోయింది.”

“కన్నవాళ్ళని వదిలేసా?”

“వదిలెయ్యడమేంటండీ, పెళ్ళి చేసుకుని వెళ్ళడం. నేను మిషను నెత్తిన పెట్టుకుని మరీ వెళ్ళాను. మా ఆయన్ని అత్తారింట్లో ఎన్ని మాటలన్నారో మీకేం తెలుసు!”

“మా ఇంట్లో అల్లుణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. కావాలంటే ఆయన్నే అడగండి. ఏవండీ!”

కౌంటర్లోంచి బాబాయి బయటికొచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు దారి ఇచ్చారు. ఆయన కూతుర్ని చూశారు, ఆమె ఎర్రబడ్డ కళ్ళని చూశారు, పక్కన ఆపరేటరుని చూశారు.

“నిజమే. నన్ను ఈ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు,” అన్నారు. “ఒక్క మాట అడగనూ లేదు.”

హాలమ్మ ఆయన వైపు గిర్రున తిరిగింది.

“ఆఖరి రీలు నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. వాళ్ళు లోపలికెళ్ళారా బయటికెళ్ళారా అని మీరు కొట్టుకుంటున్నారు. ఆ పిల్ల ఏమందో మీకెవరికీ అక్కర్లేదు. పెదాలు కనపడకపోతేనేం, ఆ కుర్రాడి మొహం కనిపించింది కదా. ‘నాతో ఉంటావా’ అని అడిగింది. అడిగించుకున్నవాడి మొహం అది. నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని చూసినవాణ్ణి కదా, ఆ మొహం నాకు తెలుస్తుంది.”

కౌంటరు బాబాయి అంతసేపు మాట్లాడటం ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

హాలమ్మ నిలబడిపోయింది. హాలు కట్టిన తల్లికి కూతురు, మాటకి ఎదురులేని మనిషి, ఏ వ్యవహారమైనా నిలబడ్డచోటే తేల్చేసే ఆవిడ. ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకోవడం కూతురు మొదటిసారి చూసింది.

“మన పెళ్ళప్పుడు మా అమ్మే అంతా మాట్లాడేసింది. నేను అడగాలని నాకు తోచలేదండీ,” అంది చివరికి. తర్వాత భర్త దగ్గరికి నడిచి, అంతమంది ముందూ, చిన్న గొంతుతో అడిగింది. “ఉంటారా? నాతో?”

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆలోచించి చెప్తాను,” అన్నారు.

వరండా గొల్లుమంది. హాలమ్మ ఆయన భుజం మీద ఒక్కటి వేసి, అదే భుజానికి తల ఆనించి, నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ గోలలో అతని తల్లి కొడుకుని చూసింది. కొడుకు ఎవరి పక్కన నిలబడ్డాడో చూసింది. ఆమె లెక్కలేనన్ని కొలతలు తీసిన మనిషి, చూపుతోనే తేల్చేస్తుంది.

“ఒరేయ్, ఈ అమ్మాయేనా?”

“అమ్మా, నీకు మాటిచ్చాను...”

“నిన్ను ఎక్కడా తల దించుకోవద్దన్నానురా. తలెత్తుకుని ప్రేమించుకుంటే వద్దన్నానా? మీ నాన్నని నేనూ అడగలేదు, ఉంటావా, వెళ్దామా అని. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. మంచే అయింది, కానీ అడగాల్సింది.” మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుని హాలమ్మ వైపు తిరిగింది. “ఏవండీ వదినగారూ, మనిద్దరం కాసేపు నోరు మూసుకుందామా?”

‘వదినగారూ’ అన్న పిలుపుకి హాలమ్మ తల భర్త భుజం మీంచి లేచింది. ఆవిడ కూతుర్నీ, ఆపరేటర్నీ మార్చి మార్చి చూసి, నడుముకి దోపుకున్న ఫోటో తీసి భర్త చేతిలో పెట్టింది.

“ఇది తిప్పి పంపించెయ్యండి. అబ్బాయికి మంచి సంబంధం దొరకాలని రాయండి. మూసుకుందాం వదినగారూ, కాసేపే.”

ఇప్పుడు అందరి చూపులూ ఇద్దరి మీదే. ఆపరేటరు జేబులో ఉత్తరం ఉంది. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాడు.

“నువ్వాగు,” అంది దుబాసీ. “నువ్వు మొదలుపెట్టేసరికి వర్షం కూడా ఆగిపోతుంది.”

ఆమె వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

“హాలుకి అల్లుడు కావాలని అడగడం లేదు. నీ ఉద్యోగం మానుకోమని అడగడం లేదు. నువ్వు ఆ ఊరెళ్తే వస్తాను, నేను రాసుకునేది ఎక్కడైనా రాసుకోవచ్చు. ఇక్కడుంటే మేడ మీదా, మీ కుట్టు కొట్టు వెనకా, వేరే ఇంట్లోనా, అదంతా తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం. నాకు తెలియాల్సింది ఒక్కటే. నాతో ఉం—”

“ఉంటాను!”

ఆమెని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. వరండా చివర ఉన్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు. ముందు బెంచీలవాళ్ళు ఈలలు వేశారు. ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు.

“పూర్తిగా అడగనివ్వు!” అంది ఆమె, నవ్వాపుకోలేక. “ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడేంటి ఈ తొందర?”

“అయితే మళ్ళీ అడుగు.”

ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి అతనికి మాత్రమే వినపడేలా. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారీ అందరికీ వినపడేలా.